రెండో వేసవికే తుప్పు పట్టే గ్రిల్ ఎందుకు అమ్ముతారు?

మూడు వారాలుగా పిల్లలు పడుకున్నాక ఇదే పని, బ్యాక్‌యార్డ్‌లో చికెన్ అవీ కాల్చుకోడానికి ఒక మంచి గ్యాస్ గ్రిల్ వెతకడం. డాలస్‌లో ఇల్లు కొన్న కొత్తలో తక్కువకు వస్తోందని ఒకటి తెచ్చాం, నాలుగు బర్నర్లు, మెరిసే మూత, దానిమీద స్టెయిన్‌లెస్ స్టీల్ అని స్టిక్కర్. రెండో వేసవికి బర్నర్ గొట్టం మీద వేలు పెడితే తుప్పు పొరలు పొరలుగా ఊడొచ్చింది. మంట ఒక మూల నుంచే వస్తుంటే చికెన్ ముక్కలు ఒకవైపు మాడిపోయి ఇంకోవైపు పచ్చిగానే ఉండిపోయేవి. బర్నర్ ఒక్కటి ఇమ్మని అడిగితే ఆ మోడల్ ఆపేశారట! ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు షాపుకెళ్తే మళ్లీ అదే వరస. పెద్ద అక్షరాలతో బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) అంకె వేస్తారు, అది గంటకు ఎంత గ్యాస్ కాలుతుందో చెబుతుందే కానీ ఆ వేడి మూత కింద నిలుస్తుందో లేదో చెప్పదు. మూత ఎత్తితే రేకు డబ్బాలా పల్చగా ఉంటుంది. ఏ రకం స్టీలో రాయనే రాయరు. అందుకే జేబులో అయస్కాంతం పెట్టుకుని తిరుగుతున్నాను, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు అది దాదాపుగా అంటుకోదు, 430 రకానికి గట్టిగా అతుక్కుంటుంది, తుప్పు కూడా దానికే తొందరగా పడుతుంది. ఇదంతా కొనేవాళ్లే కనిపెట్టాలా, అమ్మేవాళ్లు చెప్పొద్దా?

పక్క బర్నర్లు, రంగురంగుల లైట్లు ఎవరడిగారండీ? మందమైన మూత, పోత ఇనుప జాలీ, రెండు మంచి బర్నర్లు, పదేళ్లయినా విడిభాగాలు దొరుకుతాయన్న హామీ, ఇవి చాలు. నెలాఖరుకు అమ్మానాన్న వస్తున్నారు, ఇంకా ఏదీ తేలలేదు.