బిస్కెట్టు యుద్ధానికి దక్కని గౌరవం

ప్రపంచ వాణిజ్య చరిత్రలో ఓ మహా ఘట్టానికి రావలసిన పేరు రాలేదని నాకు ఎప్పటినుంచో బాధ. 2005లో పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు, మా ఇంట్లో తయారయ్యే బిస్కెట్లు మాకున్నాయి, ఫిజీ బిస్కెట్లు రావద్దంది. ఫిజీ ఊరుకుంటుందా, అయితే మీ కావా మాకొద్దు పొమ్మంది. కావా అంటే ఓ మొక్క వేరు దంచి, నీళ్లలో పిసికి, కొబ్బరిచిప్పతో తాగే పానీయం. 1903 నుంచి మద్రాసు ఓడల్లో ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్ల మునిమనవలకూ అది అలవాటే. రెండు చిప్పలు పడితే నాలుక మొద్దుబారి ఎవరితోనూ పోట్లాడబుద్ధి కాదు. అలాంటి సరుకు మీద పోట్లాట పెట్టుకున్నారు చూడండి, అదీ పట్టుదలంటే!

ఇంతకీ ఇద్దరూ శత్రువులేం కాదు, మెలనేసియన్ స్పియర్‌హెడ్ గ్రూప్ అనే ఒకే కూటమి సభ్యులు. 1993లో ఈ కూటమి వాణిజ్య ఒప్పందం మొదలైనప్పుడు జాబితాలో మూడంటే మూడే సరుకులు: వనువాటు గొడ్డుమాంసం, సాలమన్ దీవుల డబ్బా చేప, పాపువా న్యూగినీ టీ. నన్నడిగితే ఇంత నిజాయితీ గల ఒప్పందం భూమ్మీద ఇంకోటి లేదు. ఓ పూట భోజనం, ఆ తర్వాత టీ, అంతే. 1998లో ఈ ఒప్పందంలో ఫిజీ చేరింది, జాబితా పెరిగింది, బిస్కెట్టు దగ్గర అడ్డం తిరిగింది. టీ ఉన్నాక బిస్కెట్టు రాకుండా ఉంటుందా, అది ముందే ఊహించాల్సింది.

అసలు చిక్కు ఎక్కడుందంటే అందరి దగ్గరా ఉన్నది కొబ్బరే, అందరి దగ్గరా ఉన్నది చేపే. కోనసీమవాడికి కొబ్బరికాయ అమ్మాలంటే ఎంత తెలివి కావాలి? అదీ ఫిజీ రాజధాని సువా నుంచి వనువాటు రాజధాని పోర్ట్ విలాకి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు సముద్రం దాటించి. అందుకే వీళ్లు సరుకుల కంటే సంతకాల వ్యాపారం ఎక్కువ చేశారు. 2001లో నౌరు అనే చిన్న ద్వీప దేశంలో కూర్చుని, తమలో తాము చేసుకునే వాణిజ్య ఒప్పందానికి పిక్టా అన్నారు, అదే చోట ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో కుదిరిన ఒప్పందానికి పేసర్ అన్నారు. తర్వాత దాన్నే పెంచి పేసర్ ప్లస్ అన్నారు. దాని బేరసారాల్లో ద్వీప దేశాల తరఫున సలహా చెప్పడానికి ఓ కార్యాలయం పెడితే, దానికి డబ్బిచ్చిందెవరు? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్! పెళ్లికూతురి తరఫు పెద్దమనిషికి పెళ్లికొడుకువాళ్లే సంభావన ఇచ్చినట్టు. పాపం మర్యాదస్తులు. చివరికి 2020 డిసెంబర్‌లో పేసర్ ప్లస్ అమల్లోకి వచ్చేసరికి ద్వీపాల్లో పెద్ద ఆర్థిక వ్యవస్థలైన ఫిజీ, పాపువా న్యూగినీ రెండూ మండపంలోనే లేవు.

సహకారం వీళ్ల వల్ల కాదా అంటే, అదే నౌరు పేరుతో 1982లో కుదిరిన చేపల ఒప్పందం ఒకటుంది. ఎనిమిది దేశాలు. ప్రపంచంలో పట్టే స్కిప్‌జాక్ ట్యూనా అనే చేపలో దాదాపు సగం వీళ్ల నీళ్లలోదే. 2007 నుంచి వీళ్లు చేపలు కాదు, రోజులు అమ్ముతున్నారు: మా సముద్రంలో మీ ఓడ ఒక్కరోజు వల వేయాలంటే ఇంత కట్టు అని. 2015 నాటికి రోజుకు కనీస ధర 8,000 డాలర్లు. పెద్ద పెద్ద దేశాల ఓడలు గొణుక్కుంటూ కడుతున్నాయి. పదివేలకు అటూ ఇటూ జనాభా ఉన్న టువాలు కూడా ఆ బేరంలో గట్టిగా కూర్చుంది.

తేడా ఎక్కడుందో చాలా రోజులు ఆలోచించాను. చేప ఒకచోట ఉండదు, ఇవాళ కిరిబాటి, ఎల్లుండి నౌరు, కాబట్టి అది మాదే అని ఎవరూ అనలేరు, కలిసి కూర్చోక తప్పదు. బిస్కెట్టు పాపం ఫ్యాక్టరీలోనే ఉంటుంది, ఫ్యాక్టరీకి ఓనర్ ఉంటాడు, ఓనర్‌కు తెలిసిన మంత్రి ఉంటాడు. కాబట్టి పసిఫిక్ వాణిజ్య మంత్రులకు నా సవినయ సూచన ఏమిటంటే, ఈదే బిస్కెట్టు ఒకటి కనిపెట్టండి. నానిపోకుండా చూసుకోవాలి మరి.