ప్యూటర్ పైంట్‌గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా పైంట్‌గారూ,

మీరు ఎక్కువగా తగరంతో చేసే ప్యూటర్ లోహపు పాత్ర, ఇంగ్లండ్‌లో మద్యం పైంట్ లెక్కన కొలవడానికి పుట్టినవారు. మీ ఒంటి మీద ముద్రలు చూస్తే ముందు ముచ్చటేస్తుంది, కాసేపటికి అనుమానమేస్తుంది. చేసినవాడి ముద్ర ఒకటి, కొలత సరిచూసిన అధికారి ముద్ర ఇంకొకటి, పైన రాజుగారి కిరీటం. ఇన్ని ముద్రలు కొట్టారంటే మిమ్మల్ని ఒక్కడూ నమ్మలేదన్నమాట! మేలు రకం లోహానికని పెట్టిన కిరీటం కింది ఎక్స్ గుర్తుని కూడా తర్వాత్తర్వాత అడ్డమైనవాళ్లంతా కొట్టేసుకున్నారు. పోనీ మీ పూర్వీకుల్ని ఎవరు చేశారో చూద్దామంటే, లండన్ ప్యూటర్ పనివాళ్ల సంఘం దాచిన ముద్రల పలకలు 1666 అగ్నిప్రమాదంలో పోయాయంటారు. రికార్డులు కాలిపోయాయనే మాట మాకు కొత్తేం కాదు లెండి.

కొలత సంగతి ఇంకా ఘోరం. ఇంగ్లండ్‌లోనే వైన్ పైంట్ మన లెక్కలో దాదాపు 473 మిల్లీలీటర్లు, ఏల్ (ఒక రకం బీరు) పైంట్ 578. 1826 నుంచి రెండూ కాదు, 568 అన్నారు. వైన్ తాగేవాడు పండగ చేసుకున్నాడు, ఏల్ తాగేవాడికి 10 మిల్లీలీటర్లు కోత. అమెరికావాళ్లేమో ఆ పాత వైన్ కొలతే ఇప్పటికీ వాడుతున్నారు. ఇక మీ స్కాట్లాండ్ చుట్టం, ఆ మూతపెట్టిన టాపిట్ హెన్ కూజా, పైంట్ అని చెప్పి దాదాపు 1.7 లీటర్లు పోసేది. అలాంటి చుట్టం ఉంటే ఎవరికి చేదు?

అయినా మిమ్మల్ని చేసినవాడి పనితనానికి మాత్రం దణ్ణం పెట్టాలి. తగరంలో కాస్త రాగి కలిపి (వైన్ కొలతలకి సీసం కాస్త ఎక్కువే పడేది) కంచు అచ్చులో పోసి, లేత్ మీద తిప్పి నునుపు చేసేవాడు. పిడి అతికేటప్పుడు గోడ కరిగిపోకుండా లోపల ఇసుక నింపిన నారగుడ్డ సంచి ఆనించేవాడు. ఇప్పటికీ లోపల వేలు పెట్టి తడిమితే పిడి అతుకు వెనకాల ఆ గుడ్డ నేత తగులుతుంది. మీ ఒంటి మీద నేను నమ్మే ముద్ర అదొక్కటే.

మా ఇళ్లలో అయితే మిమ్మల్ని చింతపండు పెట్టి తళతళా తోమేసేవాళ్లం. మీకేమో గట్టిగా తోమితే పాతవస్తువులు సేకరించేవాళ్ల దగ్గర ధర పడిపోతుందట! సొట్టలు పడ్డా పర్లేదట, పాతదనానికి సాక్ష్యమట. సరే, మీ ఇష్టం. కాకపోతే సొట్టపడ్డ పైంట్‌లో పైంట్ పట్టదు కదా, ఈసారి వేలానికి వెళ్లేటప్పుడు ధర పక్కన ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో కూడా రాయించుకోండి.

ఇట్లు,
మీలో చుక్క కూడా తాగని ఒక అభిమాని