తువ్వాలు డ్యూటీలో ఉంది

పోయిన పనిదినాల లెక్క మన దగ్గర చాలా పద్ధతిగా రాస్తారు. సకల జనుల సమ్మె 2011లో 42 రోజులు సాగింది; ఆర్టీసీ సమ్మె 2019లో 52 రోజులు నడిచింది. మొదటి రోజూ చివరి రోజూ ఉన్నాయి కాబట్టి ఈ రెండూ లెక్కకు అందాయి. ఆ రెండూ లేని సమ్మె ఒకటి ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదన్నదే నా ఆవేదన.

ఒక ధ్రువపత్రం కోసం ఈమధ్య హనుమకొండలో ఒక కార్యాలయానికి వెళ్లాను. పేరెందుకులెండి, మీరూ వెళ్లే ఉంటారు. ఉదయం పదిన్నరకు ఫ్యాను తిరుగుతోంది, రిజిస్టరు తెరిచి ఉంది, బల్ల మీద హెల్మెట్ ఉంది, కుర్చీ వీపున నీలి అంచు తువ్వాలు ఉంది. "సారు ఇప్పుడే ఛాయ్‌కి పోయిండు" అన్నాడు అటెండరు. పన్నెండున్నరకు సారు వచ్చారు, సర్వర్ పోయింది. సర్వర్ వచ్చేసరికి లంచ్ అయింది. ఆ తర్వాత సాయంత్రం దాకా విధినిర్వహణ భారమంతా తువ్వాలే మోసింది.

దీన్ని సమ్మె అంటే చట్టం ఒప్పుకోదు. 2025 దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం సమ్మె అంటే నలుగురూ కూడబలుక్కొని పని ఆపడమే. ఛాయ్ డబ్బులు ఎవరివ్వాలన్న దగ్గరే ఏకాభిప్రాయం కుదరని ఆ సిబ్బంది మీద కూడబలుక్కున్నారన్న నింద వేయడం అన్యాయం. సగం మంది కార్మికులు కలిసి ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మెగానే పరిగణించాలనీ, సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలనీ దాని స్థానంలోకి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. మనవారు లీవు పెడితే కదా! లీవు పెడితే అది ఖర్చయిపోతుంది.

సింగరేణి వారు ఈ విషయంలో బొత్తిగా వెనుకబడి ఉన్నారు. బాయికి, అంటే బొగ్గుగనికి, పోని రోజును వారు "నాగా" అని ఉన్నమాట ఉన్నట్టు అనేస్తారు. ఆనాడు మస్టరు పడదు, జీతమూ రాదు. భూపాలపల్లి ఓపెన్‌కాస్టులో వాననీరు నిలిచినా ఎన్ని టన్నుల బొగ్గు ఆగిందో మర్నాడు పత్రికల్లో వస్తుంది. నోటీసు ఇవ్వని వానకు సైతం లెక్క కట్టగలిగిన వ్యవస్థకు తువ్వాలు లెక్క చిక్కకపోవడం ఆశ్చర్యమే.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌లో హమాలీలు ఒక్క పూట ఆగితే కాంటాలు నిలిచాయని ఊరంతా గగ్గోలు పుడుతుంది, రైతుల గోస అందరికీ ఒక్కసారిగా గుర్తొస్తుంది. బస్తాకింత అని కూలి తీసుకునే హమాలీకి మొయ్యని పూట పైసా రాదు. తువ్వాలు అతనికీ ఉంది. కాకపోతే అది తలకు చుట్టి ఉంటుంది గనుక, తువ్వాలు ఉన్నచోట మనిషి కూడా ఉండవలసి వస్తోంది.

కాబట్టి ప్రభుత్వానికి ఒక విన్నపం. మనుషులకు పెట్టిన బయోమెట్రిక్ హాజరును తీసివేసి తువ్వాళ్లకు పెట్టాలి. సమయపాలనలో వాటికి సాటి లేదు. పదిన్నరకు ముందే వచ్చి, ఐదు దాటినా కదలవు. ఈ మాట రాతపూర్వకంగా ఇద్దామని నాలుగోసారి ఆ కార్యాలయానికి వెళ్లాను. కుర్చీ మీద తువ్వాలు లేదు. ఉతకడానికి పోయిందనీ, సోమవారం రమ్మనీ అటెండరు చెప్పాడు.