ప్రజలు తేల్చనప్పుడు సెనేట్ తేల్చింది: 1785 మసాచుసెట్స్ ఎన్నిక

1785 మొదట్లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర గవర్నర్ జాన్ హాన్‌కాక్ పదవి వదులుకున్నారు. ఆ ఏడాది ఎన్నికలో హాన్‌కాక్ మనిషిగా పేరున్న లెఫ్టినెంట్ గవర్నర్ థామస్ కుషింగ్, బోస్టన్ సంపన్నుడు జేమ్స్ బౌడిన్ పోటీపడ్డారు. మిగతావాళ్లూ ఓట్లు చీల్చడంతో ఎవరికీ సగానికి మించి రాలేదు.

1780 నాటి రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం సగం దాటితేనే గెలుపు. లేదంటే ఎక్కువ ఓట్లొచ్చిన నలుగురిలో ఇద్దరిని ప్రతినిధుల సభ ఎంపిక చేయాలి, ఆ ఇద్దరిలో ఒకరిని రాష్ట్ర ఎగువ సభ అయిన సెనేట్ ఎన్నుకోవాలి. సెనేట్ బౌడిన్‌ను ఎన్నుకుంది. ప్రజల ఓట్లలోనూ ముందున్నది ఆయనే కాబట్టి ఫలితాన్ని తప్పుపట్టలేం. నా అభ్యంతరమంతా ఆ తీర్పు ఎవరి చేతికి వెళ్లిందన్నదాని మీదే.

ఆ సెనేట్‌లో ఏ జిల్లాకు ఎన్ని సీట్లో ఆ జిల్లా కట్టే పన్నును బట్టి నిర్ణయించేవారు. జనాభా లెక్కలోకి రాదు. సెనేటర్ కావాలంటే 300 పౌండ్ల విలువైన భూమో, 600 పౌండ్ల ఇతర ఆస్తో ఉండాలి. అంటే ఓటర్ల మధ్య తెగని పంచాయితీని ఆస్తిపరుల సభకు అప్పగించారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అప్పులు తీర్చడానికి ఎవరి మీద ఎంత పన్ను వేయాలన్నదే అప్పటి అసలు గొడవ. అందులో ఆ సభ తటస్థంగా ఉండే అవకాశమే లేదు.

బౌడిన్ పన్ను వసూళ్లు బిగించారు. పడమటి జిల్లాల రైతుల దగ్గర నాణేల్లేవు, అప్పుల కేసుల్లో భూములు పోతున్నాయి. 1786 ఎన్నికలో బౌడిన్ నేరుగా ఓట్లతోనే గెలిచారన్నది నిజం, కాబట్టి జరిగినదంతా 1785 సెనేట్ ఓటు మీదకు నెట్టలేం. కానీ ఆ ఆగస్టులో నార్తాంప్టన్‌లో రైతులు కోర్టు జరగనివ్వలేదు. అదే దానికి నాయకుడైన మాజీ సైనికాధికారి డేనియల్ షేస్ పేరుతో చరిత్రకెక్కిన తిరుగుబాటుగా మారింది. ఖజానాలో డబ్బు లేక, దాన్ని అణచడానికి పంపిన సైన్యానికి బోస్టన్ వ్యాపారులు సొంత డబ్బిచ్చారు. పాలన ఎవరి పక్షమో రైతులకు వేరే చెప్పక్కర్లేదు. 1787లో హాన్‌కాక్ చేతిలో బౌడిన్ చిత్తుగా ఓడారు.

సగం దాటాలన్న నియమాన్ని మసాచుసెట్స్ 1855లో తీసేసింది. పొరుగు రాష్ట్రం వెర్మాంట్‌లో మాత్రం ఇప్పటికీ ఉంది. అక్కడ 2014 గవర్నర్ ఎన్నికలో పీటర్ షమ్లిన్‌కు సగం ఓట్లు రాకపోతే, 2015 జనవరిలో శాసనసభ 110–69తో ఆయన్నే ఎన్నుకుంది. సగం దాటాలనడం మంచి నియమమే. అయితే మొదటి ఇద్దరినీ మళ్లీ ఓటర్ల ముందే నిలబెట్టాలి. ఇప్పుడు జార్జియా రాష్ట్రం చేస్తున్నది అదే.