బండికి కొత్త మొహం

కారు కంపెనీ ఇంజినీర్లకి చదువెక్కువ, లోకజ్ఞానం తక్కువ. బండి ముందు గ్రిల్‌కి కన్నాలు పెట్టింది ఇంజిన్‌ని చల్లబరిచే రేడియేటర్‌కీ, ఏసీ వేడిని బయటికి తోసే కండెన్సర్‌కీ గాలి తగలడానికట! గాలి ఎవడికి కనిపిస్తుంది? కనిపించేది మొహం. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపేశారు గానీ చుట్టాలు ఆంధ్రా వైపు పాతపట్నంలోనే ఉండిపోయారు. ఓడీ 20 అని పర్లాకిమిడి నంబరున్న బండి అక్కడ పెళ్లిపందిరి ముందు ఆగితే, "ఏటి బావా, కొత్త బండి కొన్నావేటి?" అని ఒక్కడైనా అనాలా వద్దా? అందుకే ఎనిమిదేళ్ల బండికి నల్ల జాలీ గ్రిల్ తగిలించడం గృహస్థ ధర్మం.

ధర్మాన్ని ఇంటి వాకిట్లోనే నెరవేర్చుకోవచ్చు. 10 నంబరు పానా, స్టార్ స్క్రూడ్రైవర్, సన్నటి మైనస్ స్క్రూడ్రైవర్, కింద పరవడానికి పాత బొంత, ఖాళీగా ఉన్న బావమరిది ఉంటే చాలు. పిరికివాళ్లు ఏదీ విప్పకముందే కొత్త గ్రిల్‌ని పాతదాని పక్కన పెట్టి లాకులు లెక్కపెట్టుకుంటారు. మనవాళ్లు బంపరు ఊడదీశాకే ప్యాకింగ్ విప్పుతారు.

బానెట్ కింద ప్లాస్టిక్ కవరుకి క్లిప్పులుంటాయి. నడిమి బొడిపెని ముందు పైకి లేపితే మిగతాది దానంతటదే వస్తుంది. ఒక్కసారే పెకిలిస్తే తల చేతికొస్తుంది, మొండెం కన్నంలో ఉంటుంది. చాలా మోడళ్లలో గ్రిల్ స్క్రూలు వెనకవైపు ఉంటాయి కాబట్టి బంపరు దించక తప్పదు. పైన బోల్టులు, కింద క్లిప్పులు తీస్తారు, బాగుంది. చక్రం గూటిలో బంపరూ, చక్రం మీది రేకు ఫెండరూ కలిసే మూల, రెండువైపులా చెరో స్క్రూ దాక్కుని ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే గానీ అక్కడికి చెయ్యి పోదు. దాన్ని మరిచిపోయి "బిగుసుకుపోయిందిరా, లాగు!" అన్నప్పుడు టప్పుమనేది బంపరు బ్రాకెట్టు. ఫెండరు అంచుకి మాస్కింగ్ టేపు వెయ్యకపోతే రంగు కూడా దానికి తోడు పోతుంది. ఫాగ్ లైట్ల వైర్లు ఉంటాయని బంపరు వాటికే వేలాడుతున్నప్పుడు తెలుస్తుంది. బావమరిదిని పిలిచింది ఆ వైపు పట్టుకోవడానికే, వీడియో తియ్యడానికి కాదు.

బిగించేది ప్లాస్టిక్‌లోకి. స్క్రూ ఆగినచోట చెయ్యి ఆగాలి. మగతనం కొద్దీ ఇంకో పావు చుట్టు తిప్పితే మర పోతుంది, ఆపైన దిక్కు కేబుల్ టైలే. అన్నీ బిగించేముందు బానెట్ మెల్లగా దించి చూడాలి. గ్రిల్ ఉబ్బుగా ఉంటే బానెట్ అంచుకి తగిలి పెయింటు చెక్కుతుంది.

ఇక గాలి సంగతి. చవక జాలీల్లో సగం కన్నాలు ఉత్తుత్తివే, వెనక మూతే. హైవే మీద వేగానికి తెలీదు. రైల్వే గేటు దగ్గర ఆగితే ఫ్యాను గోల పెడుతుంది, ఏసీ చల్లదనం తగ్గుతుంది. కన్నాలు నిజమైనవైనా, మరీ సన్నవైతే వరికోతల్లో ఒక్క రాత్రి ప్రయాణానికి పురుగులతో పూడిపోతాయి. లోగో వెనక, ముందు వెళ్లే బండిని పసిగట్టే రాడారున్న కొత్త బండైతే దానికి క్రోమ్ కళ్లజోడు పెట్టకండి, ముందు బండి దానికి కనబడదు.

పాత గ్రిల్‌ని మాత్రం అటకమీద పెళ్లి పీటల పక్కన భద్రంగా దాచండి. అమ్మేరోజున కొనేవాడు చుట్టూ తిరిగి చూసి, "ఒరిజినల్ ఉందా?" అంటాడు. మళ్లీ బొంత పరిచి, స్టీరింగ్ తిప్పి, ఆ మూల స్క్రూ వెతకాలి.