పైలట్ ప్రాజెక్టు గారికి ఒక బహిరంగ లేఖ

పైలట్ ప్రాజెక్టు గారూ,

నమస్కారం. ఇంటర్నెట్, కంప్యూటర్లు తెస్తామంటూ, ముందు చిన్నగా చేసి చూద్దామంటూ ఆఫ్రికాలో మీరు ఏళ్ల తరబడి ప్రారంభమవుతూనే ఉన్నారు, పూర్తయిన పాపాన పోలేదు. అయినా మీ చల్లని నీడన ఎంతమంది ఇంటర్నెట్ కన్సల్టెంట్లు పిల్లల్ని చదివించుకుని, ఇల్లు కట్టుకున్నారో తలచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

వాళ్ల కెరీర్ మీతోనే మొదలవుతుంది కదా. ముందు సర్వే, ఆనక ఉగాండా రాజధాని కంపాలాలోనో ఘానా రాజధాని అక్రాలోనో మూడు రోజుల వర్క్‌షాపు, వెనక బ్యానరు, మెడలో ట్యాగు, టీఏ డీఏల సంతకాల కాగితం (హాల్లో అందరూ శ్రద్ధగా చదివేది అదొక్కటే). ఫండ్స్ అయిపోగానే మీరు కన్ను మూస్తారు, కన్సల్టెంటు గారు 'నేర్చుకున్న పాఠాలు' అని ఒక నివేదిక రాసి, ఆ పాఠాలు పట్టుకునే పక్క జిల్లాలో మిమ్మల్ని మళ్లీ పుట్టిస్తారు.

ఉగాండాలోనైతే మొబైల్‌తో ఆరోగ్యం అంటూ మీ సంతానం ఎంత పెరిగిపోయిందంటే, ఒకరి లెక్కలు ఇంకొకరికి అతక్క, ఇక కొత్తవి ఆపండని 2012లో ఆరోగ్య శాఖే ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. మీకూ కుటుంబ నియంత్రణ తప్పలేదన్నమాట!

2005 నవంబరులో ట్యూనిస్‌లో జరిగిన ఐక్యరాజ్య సమితి శిఖరాగ్ర సభ గుర్తుందా? కరెంటు లేని ఊళ్ల పిల్లల కోసమని వంద డాలర్ల లాప్‌టాప్ చూపించారు, పక్కన చేత్తో తిప్పే హ్యాండిల్. అప్పటి సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ తిప్పబోతే అది కాస్తా ఊడి చేతికొచ్చింది. తర్వాత తయారైన వాటికి ఆ హ్యాండిలే లేదు, ధర వందకు దిగనూ లేదు.

ఇప్పుడు చెప్పేది వింటే మీకు కోపం రావచ్చు. కెన్యా రాజధాని నైరోబీలో ఒకప్పుడు పక్క వీధికి పంపిన మెయిల్ కూడా, అవతలి వాళ్లది వేరే ఐఎస్‌పీ (నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ) అయితే, ఉపగ్రహమెక్కి అమెరికా చూసొచ్చేది, ఖర్చేమో డాలర్లలో. 2000లో అక్కడి ఐఎస్‌పీలు కలిసి, తమ నెట్‌వర్కులు నేరుగా కలుపుకునే ఒక ఎక్స్ఛేంజి పాయింటు పెట్టుకున్నారు, సమాచారం చేరడానికి సెకనుకు పైగా పట్టేది సెకనులో పదో వంతు లోపుకు దిగింది. వెంటనే అక్కడి టెలిఫోన్ సంస్థ టెల్కామ్ కెన్యా, ఆ హక్కు మాదొక్కరిదే అని ఫిర్యాదు చేసింది, టెలికాం రెగ్యులేటర్ మూయించాడు. ఐఎస్‌పీలు వదల్లేదు, అప్పీలుకు వెళ్లి 2002లో మళ్లీ తెరిపించారు. ఇందులో ఫొటోకు పనికొచ్చేది ఒక్కటీ లేదు, ఒక గదీ కొన్ని తీగలూ తప్ప.

ఘానాలో 'నీ క్వేనర్' (Nii Quaynor) అనే పెద్దమనిషి ఉన్నారు. అమెరికాలో కంప్యూటర్ల ఉద్యోగం చేసి, స్వదేశానికి నెట్ తెచ్చి, మిగతా దేశాల ఇంజినీర్లకు శిక్షణలు పెట్టించారు. ఆయనా సభలకు వెళ్లారండీ, ఇంటర్నెట్ పేర్లూ చిరునామాలూ చూసుకునే సంస్థ ఐకాన్ బోర్డులో కూడా కూర్చున్నారు, కాకపోతే ఆయన తిరిగొచ్చాక రౌటర్లు పనిచేశాయి.

ఒక్క సందేహం తీర్చండి. ఫండ్స్ అయిపోయాక ఆ కంప్యూటర్ గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, కరెంటు బిల్లు ఎవరు కడతారు? జవాబు ఎనభై పేజీల పీడీఎఫ్‌లో వద్దు, పోస్టుకార్డు మీద రాసినా చాలు.

ఇట్లు,
మీ వర్క్‌షాపుల్లో టీ బిస్కెట్లు మాత్రమే నచ్చిన ఒకడు