దిక్కులేని బండ్లు, దయామయులైన బేరగాళ్ళు

జపాన్‌లో వారం వారం ఎన్నో కార్లు దిక్కులేనివైపోతున్నాయి. వేలానికి వస్తాయి, అమ్ముడుపోవు. పాపం, వాటి యజమానులు తల పట్టుకుని మూల కూర్చుంటారు. ఈ విషాదం అక్కడి ప్రభుత్వానికి తెలియదు, పత్రికలకు అంతకన్నా తెలియదు. ఎగుమతి ఏజెంట్ల ఫేస్‌బుక్ పేజీలకు మాత్రమే తెలుసు. "వేలంలో అమ్ముడుపోని కార్లు! బేరమాడి సగం ధరకే ఇప్పిస్తాం!" అని ఎర్రక్షరాల్లో కన్నీరు కారుస్తుంటాయి. దాని కింద మొట్టమొదటి కామెంటు మనవాడిదే: "బ్రో, లాస్ట్ ఎంత?"

ఇండియాలో ఉన్నవాళ్ళకు ఈ పుణ్యకార్యంలో చెయ్యి వేసే భాగ్యం దాదాపు లేదు. మూడేళ్ళు దాటిన పాత కారును దేశంలోకి రానివ్వరు, రానిచ్చినదాని మీద వేసే సుంకం చూస్తే పుణ్యం మీద ఆశ పోతుంది. కాబట్టి జపాన్ డీలర్లను ఆదుకునే బరువంతా న్యూజీలాండ్ ఆక్లండ్‌లో, కెన్యా నైరోబిలో, టాంజానియా దారెస్సలామ్‌లో ఉన్న మనవాళ్ళ భుజాల మీదే పడింది. మోస్తున్నారు.

ఇంతకీ బండి దిక్కులేనిది ఎలా అవుతుందో చూద్దాం. గురువారం, టోక్యో పక్కన చీబాలోని నోడాలో, యూఎస్ఎస్ అనే వేలం కంపెనీవాళ్ళ టోక్యో వేలం. ఒక్క రోజులో పది వేల పైచిలుకు బండ్లు. ఒక్కోదానికి అర నిమిషం కూడా దక్కదు. కొనేవాళ్ళు బటన్లు నొక్కుతుంటారు, అంకె ఎక్కుతుంటుంది. 2017 టొయోటా ఆక్వా ఒకటి వచ్చిందనుకోండి. పాట 3,00,000 యెన్ల దగ్గర మొదలై 5,12,000 దగ్గర ఆగింది. అమ్మేవాడు ముందే రాసిచ్చిన కనీస ధర 5,70,000. అమ్మేవాడికో గది ఉంటుంది. తన బండి పాట నడుస్తుండగానే అక్కడ కూర్చుని కనీస ధరను దించుకోవచ్చు. "చాలు, ఇచ్చేయండి" అనడానికి ఒక్క మాట ఖర్చు. అనలేదు. బండి మిగిలిపోయింది.

అంటే ఏమైనట్టు? 5,12,000 కళ్ళముందు కనిపిస్తుంటే వద్దన్నాడు. అలా వద్దని లేచివచ్చిన మనిషి దగ్గరికి మనం వెళ్ళి, ముఖంలో జాలి నింపుకుని, నాలుగు లక్షలకు అడుగుతాం. ఆ నాలుగు లక్షలు పాట మొదలైన కొద్ది సెకన్లలోనే దాటిపోయిన అంకె. దాన్ని మళ్ళీ ఇంకో మనిషిచేత, ఇంకో ఫోనులో వినిపించడాన్ని మనం బేరం అంటున్నాం.

బేరగాడి తప్పేమీ లేదు. రాత్రి ఎనిమిదింటికి రైతుబజారులో మిగిలిన వంకాయలు ఎంతకు వస్తాయో చూసి పెరిగినవాడు. ఆక్వా మాత్రం శుక్రవారానికి వాడిపోదు. అమ్మేవాడు ఇంకోసారి ఎంట్రీ ఫీజు కట్టి వచ్చే గురువారం మళ్ళీ నిలబెడతాడు, లేదా నగోయా వేలానికి పంపుతాడు, అదీ కాకపోతే తన షెడ్డు ముందే ధర చీటీ అతికించి పెడతాడు. జనవరి నుంచి మార్చి దాకా అయితే అసలు కదలడు. ఏప్రిల్‌లో కొత్త ఉద్యోగాలు, కొత్త కాలేజీలు మొదలవుతాయి, జపాన్‌లోనే చిన్న కార్లకు గిరాకీ. ఆ మూడు నెలల్లో మన జాలి అతనికి అక్కర్లేదు.

మిగిలిన బండికి ఆ తర్వాత జరిగేదాన్ని అక్కడ షోదాన్ అంటారు, ఏజెంట్లు నెగో అంటారు. పద్ధతి మహా పొడిగా ఉంటుంది. వేలంలో సభ్యత్వం ఉన్న కొనుగోలుదారు, అంటే మన తరఫున ఏజెంటు, వేలం హాలువాళ్ళకు ఒక అంకె చెబుతాడు. చాలా చోట్ల పాటలో ఆఖరి బటన్ నొక్కినవాడికే మొదటి అవకాశం. హాలు సిబ్బంది అమ్మేవాడికి ఫోన్ చేస్తారు. అతను సరే అంటాడు, లేదా ఇంకో అంకె చెబుతాడు, లేదా వద్దంటాడు. కొనేవాడూ అమ్మేవాడూ నేరుగా మాట్లాడుకోవడానికి వీల్లేదు. ఇక అతను సరే అన్నాడా, బండి మీది. వెనక్కి తగ్గితే జరిమానా. "ఊరికే అడిగి చూద్దాం" అనే మన జాతీయ క్రీడకు ఈ మైదానంలో చోటు లేదు.

అయినా ఆడతాం. గురువారం రాత్రి తొమ్మిది, ఆక్లండ్‌లో ఒక ఇల్లు. జపాన్‌లో సాయంత్రం ఆరు. సోఫాలో బావ, పక్కన బేరశాస్త్రంలో ఉద్దండుడైన బావమరిది. ఫోన్‌లో ఏజెంటు.

"సార్, ఆఖరి బిడ్ 5,12,000. 5,40,000 చెబితే వచ్చేలా ఉంది. ఇంకో పార్టీ కూడా అడుగుతున్నాడు. అడగమంటారా?"

"నువ్వాగు బావా," అన్నాడు బావమరిది. "ఇంకో పార్టీ ఎప్పుడూ ఉంటాడు. కొత్తపేటలో ఫ్లాటు కొన్నప్పుడు కూడా ఉన్నాడు. నాలుగు లక్షలని పెట్టు."

"సార్, ఆఖరి బిడ్ కంటే తక్కువ అడిగితే హాలువాళ్ళు ఫోన్ కూడా చెయ్యరు."

"చూశావా, బెదిరాడు. ఇప్పుడు మనం లేచి వెళ్ళిపోతున్నట్టు నటించాలి. వాడే వెనక నుంచి పిలుస్తాడు."

ఎక్కడి నుంచి లేవాలో బావకు అర్థం కాలేదు. అమ్మే మనిషి జపాన్‌లోని గిఫూలో ఎక్కడో తన షాపు షట్టరు దించుకుంటున్నాడు. సముద్రానికి ఇవతల సోఫా మీంచి లేచినట్టు అతనికి తెలిసే మార్గం లేదు. అయినా పద్ధతి పద్ధతే. ఫోన్ బోర్లా పెట్టి ఇద్దరూ ఇరవై నిమిషాలు మౌనం పాటించారు. మధ్యలో ఒక్కసారి తెరిచి, ఫ్లోర్ మ్యాట్లు, సీటు కవర్లు వేయించి, ట్యాంకు నింపి ఓడెక్కించమని రాశారు. మళ్ళీ మౌనం. తెరిచి చూస్తే బండి పక్కన "నెగో సోల్డ్" అని ఉంది. ఇంకో పార్టీ 5,45,000కు తీసుకుపోయాడు.

"నీకు రాసిపెట్టి లేదు బావా," అన్నాడు బావమరిది, ఎంతో ఉదారంగా.

ఆ రాత్రి వాళ్ళ పోరాటానికి నిజంగా దక్కే అవకాశమున్నది ఎంతంటే, మహా అయితే 5,40,000కూ ఆఖరి బిడ్ 5,12,000కూ మధ్య తేడా. అది మూడు వందల న్యూజీలాండ్ డాలర్లకు కాస్త అటూ ఇటూ. హాలు ఫీజు, ఏజెంటు ఫీజు, రేవుదాకా లారీ, ఓడ కిరాయి, దిగాక 15 శాతం జీఎస్టీ, వీటి గురించి ఒక్క ప్రశ్న లేదు.

నెగో కుదరదని కాదు. కుదురుతుంది, కాకపోతే ఆఖరి బిడ్ నుంచి పైకి మాత్రమే. తేడా ఇరవై ముప్పై వేల యెన్లుంటే తరచూ మధ్యలో ఎక్కడో తెగుతుంది. లక్ష ఉంటే ఆశ వదులుకోవడం మేలు. మోడల్, రంగు, కిలోమీటర్లు పోల్చి పాత వేలాల ఫలితాలు వెతికితే, అదే బండి పోయిన వారం ఇంకో ఊళ్ళో మిగిలిపోయినట్టు కనిపించవచ్చు. మూడోసారి నిలబడ్డ బండి యజమాని కొంచెం మెత్తబడతాడు. కానీ మూడు చోట్ల, రోజూ ఇదే పనిగా బతికే వ్యాపారులు, దాన్ని ఎందుకు వదిలేశారని కూడా అడగాలి. వాళ్ళు ఆక్షన్ షీటు, అంటే బండి పరిస్థితి మీద వేలం ఇన్‌స్పెక్టరు రాసిచ్చే కాగితం, చదివారు. బావ చదవలేదు. బావకు దాన్ని చదివి పెట్టాల్సినవాడు చదివి చెప్పలేదు.

అసలు ఒళ్ళు మండేది ఇక్కడే. షీటు మీద కారు బొమ్మ ఉంటుంది. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే సరిచేసిన చోటు, ఎక్స్‌ఎక్స్ అంటే మార్చేసిన భాగం, ఎస్ అంటే తుప్పు. పక్కన అంకె పెరిగేకొద్దీ దెబ్బ పెద్దది. అది ఎవడైనా పది నిమిషాల్లో నేర్చుకుంటాడు. ప్రాణం తీసేది కింద జపనీస్ చేతిరాతలో ఇన్‌స్పెక్టరు రాసే రెండు ముక్కలు: అడుగుభాగం తుప్పు. మంచు ప్రాంతంలో, ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగిన బండి అది. దాన్ని ఏజెంటు మనవాడికి ఇలా అనువదిస్తాడు: "గ్రేడ్ 4, ఇంటీరియర్ బి, సూపర్ కండిషన్ సార్." బండి ఆక్లండ్‌లో దిగుతుంది. ఫ్రేము దాకా తుప్పు పట్టిందని తేలితే, బాగు చేయించి సర్టిఫికెట్ తెచ్చేదాకా రోడ్డెక్కనివ్వరు. బంకులో రాత్రి షిఫ్టులు చేసి కూడబెట్టిన డబ్బు వర్క్‌షాపులో కూర్చుంటుంది. ఏజెంటు మాత్రం అప్పటికే ఇంకొకరికి సూపర్ కండిషన్ పంపుతుంటాడు.

నెగో డబ్బుదీ అదే కథ. మీరు 5,60,000 దాకా ఒప్పుకున్నారు. హాలులో 5,30,000కే తెగింది. బిల్లు 5,60,000కే వస్తుంది, పైగా "మీకోసం చాలా కష్టపడ్డాను సార్" అని ఒక నమస్కారం బొమ్మ. ఆ ముప్పై వేలు ఎవడబ్బ సొమ్ము? రీసైక్లింగ్ ఫీజని మీ దగ్గర వసూలు చేస్తారు, ఎగుమతి కాగానే దరఖాస్తు పెట్టి తిరిగి తీసుకుంటారు, మీకు చెప్పరు. కారు ధర మీద 10 శాతం వినియోగ పన్ను కూడా ఎగుమతిదారుకు వాపసు వస్తుంది. అదీ మీ బిల్లులో ఎక్కిందంటే, దాన్ని దొంగతనం అనడానికి ఇంకా మొహమాటమెందుకు?

బావమరుదులకు ఒక మనవి. బేరం ఆడాలని అంతగా చేతులు దురదపెడితే, గిఫూలో ఉన్నవాణ్ణి వదిలేయండి. అతను తన ధర ముందే కాగితం మీద రాసిచ్చిన మర్యాదస్తుడు. డబ్బు పంపకముందే ఏజెంటును పట్టుకుని మూడు అడగండి: పూర్తి ఆక్షన్ షీటు ఫొటో, చేతిరాతలో ఉన్న ప్రతి ముక్కకూ అర్థం, బండి పాటలో దక్కాక వేలం హాలు ఇచ్చే లెక్క కాగితం నకలు. మొదటిది వెంటనే పంపుతాడు. రెండోదానికి "చిన్న గీతలే సార్" అంటాడు. మూడోది అడిగిన క్షణం నుంచి జపాన్‌లో సిగ్నల్ ఉండదు.